స్విచ్చి బుర్రకు పని ఎందుకు పెరుగును?

పంజాగుట్ట చౌరస్తాలో వాహనములు దీపపు రంగు చూచి తమంతట తామే సాగిపోవును. ఆగి దారి అడిగినవారికి మాత్రమే పోలీసు తన కాలము వెచ్చించును. కంప్యూటర్లను కలుపు స్విచ్చిలోను ఇట్టి ఏర్పాటే కలదు. సమాచారము ఫ్రేములను పొట్లములుగా వచ్చును. వానిని తగిన పోర్టుకు పంపునది అందుకై చేసిన ప్రత్యేకపు చిప్పు. సి.పి.యు. సాధారణముగా ఆ పనిలో తల దూర్చదు. కనుక దాని భారము హఠాత్తుగా పెరిగినదనగా, రాకపోకలు హెచ్చినవని కాదు, ఆగి అడుగువారు హెచ్చినారని అనుమానింపవలెను.

పంజాగుట్ట దాటి అమీర్‌పేటకు పోదము. మైత్రీవనము, ఆదిత్య ఎన్‌క్లేవు ప్రాంతములు కంప్యూటరు శిక్షణాలయములకు పేరుపడినవి. ఒక శిక్షణాలయములో నాలుగు గదులున్నవనుకొందము. గదికొక వీలాన్ ఏర్పరచి, అన్నిటిని ఒకే ట్రంకు తీగపై నడుపుదురు. సిటీ బస్సుకు రూటు నంబరు వలె ప్రతి ఫ్రేముకు 4 బైట్ల చీటీ తగిలింతురు. దీనిని 1998లో వెలువడిన 802.1క్యూ ప్రమాణము నిర్ణయించినది. అందు 12 బిట్లు వీలాన్ సంఖ్యకు. 1 మొదలు 4094 వరకు వాడవచ్చును.

మూడవ గదిలో ఎవరో ఒక తీగ రెండు కొనలను ఒకే చిన్న స్విచ్చిలో గుచ్చినారు. వలయములను త్రెంచు స్పానింగ్ ట్రీ కాపలా ఆ పోర్టుపై ఎవరో తీసివేసి యున్నారు. అందరికి చేరవలసిన దండోరా ఫ్రేము ఇక తిరుగుచునే యుండును; ఈథర్‌నెట్ ఫ్రేముకు ఆయుర్దాయపు లెక్క లేదు. గిగాబిట్ తీగపై చిన్న ఫ్రేములు సెకనుకు సుమారు 14,88,000 పట్టును!

తుపాను మూడవ గదిది. మిగిలిన గదులేల నిలిచిపోవలె? కిటుకంతయు ఇక్కడనే కలదు. పెద్ద స్విచ్చికి ఆ వీలాన్‌లో గేట్‌వే చిరునామా యున్నచో, చిరునామా నడుగు ప్రతి ఏ.ఆర్.పి. దండోరా సి.పి.యు. గడప తొక్కును. వీలాన్లు నాలుగు, బుర్ర ఒక్కటే. దానికి ఊపిరాడనిచో రెండు సెకన్ల కొకసారి పంపవలసిన స్పానింగ్ ట్రీ సందేశములు ఆలస్యమగును. ప్రక్క స్విచ్చి 20 సెకన్లు చూచి, దారి తెగినదని భ్రమించి, మూసియుంచిన రెండవ దారిని తెరచుటకు పూనుకొనవచ్చును. అది తెరచుకొన్నచో రెండవ వలయము!

ఊరినుండి వచ్చి, ఫీజుతో పాటు హాస్టలు అద్దెయు కట్టుకొను విద్యార్థికి ఒక పూట సాధన పోవుట చిన్న నష్టము కాదు. అయినను స్విచ్చిని ఆర్పి వెలిగింపరాదు, సాక్ష్యము చెరిగిపోవును. క్రొత్తది కొనుడని చెప్పువారును కలరు. అదియు ఆ తుపానులోనే మునుగును.

ముందు సి.పి.యు.లో ఏ పని ఎక్కువ కాలము తినుచున్నదో చూడవలెను. ఏ.ఆర్.పి. అయినచో, నిమిషము ఎడముతో రెండుసార్లు పోర్టుల దండోరా లెక్కలు వ్రాసికొనుడు. ట్రంకు లెక్కలో వీలాన్లన్నియు సాధారణముగా కలిసియుండును గనుక, ఒకే యంత్రపు చిరునామా రెండు పోర్టుల మధ్య ఏ వీలాన్‌లో గంతులిడుచున్నదో పట్టికలో చూచి, ఆ నంబరు వెంట క్రిందకు దిగవలెను. అనుమానపు తీగ లాగినంతనే భారము కొన్ని సెకన్లలో పడిపోయిన, దొంగ దొరికినట్లే.

పిదప కాపలాను మరల పెట్టి, దండోరాకు పోర్టు పోర్టున హద్దు కట్టి, ట్రంకుపై అవసరమైన వీలాన్లనే సాగనీయవలెను. తీగ లాగినను భారము తగ్గనిచో, స్విచ్చి క్షేమసమాచారమును క్షణక్షణము అడుగు పర్యవేక్షణ యంత్రమేదైన నున్నదేమో వెదకుడు.