నీటి అడుగున చేపల నెలవులు: వాటిని తిరిగి కనుగొను విధానము

నేలమీద ఒక చోటును గుర్తుంచుకొనుటకు చెట్టో, పుట్టయో ఆధారముగా నిలుచును. నీటిమీద అట్టి ఆధార మేదియు లేదు. నావ నడచిన జాడ క్షణములో మాసిపోవును. నిన్న వల నిండిన తావు నేడు ఎచ్చట నున్నదో అలలు చెప్పవు. అయినను బెస్తవారు తరతరములుగా అట్టి తావులకు మరల మరల చేరుచునే యున్నారు. ఇటీవలి కాలమున జీ.పీ.ఎస్., సోనారు అను రెండు సాధనములు వారికి తోడైనవి. ఇవి పనిచేయు తీరును, వీటి హద్దులను, రెంటిని కలిపి వాడవలసిన పద్ధతిని వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము.

కొంతం చౌక్ పరిసరములలో మగ్గముల చప్పుడు నడుమ పెరిగిన మనకు చేపల వేట దూరపు సంగతిగా తోచవచ్చును. కాని మన షోలాపురమునకు త్రాగునీరిచ్చు ఉజని జలాశయమే ఇందుకు చక్కని ఉదాహరణము. భీమానదిపై 1980లో పూర్తియైన ఈ ఆనకట్ట వెనుక సుమారు 117 టి.ఎం.సి.ల నీరు నిలుచును. ఆ నీటిలో ఊళ్లు మునిగినవి. ఇందాపూర్ తాలూకాలోని పళస్‌దేవ్ ప్రాచీన దేవాలయము నీటిమట్టము మిక్కిలి తగ్గిన వేసవులలో బయటపడి, తక్కిన కాలమున నీట దాగియుండును. ఇట్టి మునిగిన కట్టడములే చేపలకు నెలవులు; ఏమరిన వలకు ఉరులు.

చేపలు అచ్చట ఏల చేరును?

రాతికిని గోడకును నాచు పట్టును. నాచును ఆశ్రయించి చిన్న జీవులు, వానికొరకు చిన్న చేపలు, వానిని వెన్నంటి పెద్ద చేపలు వచ్చును. రాతి చాటున నీటి ఉరవడి తగ్గుటచేత చేప అలసట లేక నిలువగలదు. సందులలో పిల్లలకు రక్షణ దొరకును. సముద్రమున సహజమైన రాతిగుట్టలు, మునిగిన ఓడలు ఈ విధముగనే ఉపకరించును. ఈ సూత్రమును గ్రహించియే 1947లో స్థాపితమైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు కాంక్రీటుతో పోసిన దిమ్మెలను సముద్రములో దింపి కృత్రిమమైన నెలవులను ఏర్పరచు విధానమును వ్యాప్తిలోనికి తెచ్చిరి.

నెలవు ఏర్పరచుట ఒక ఎత్తు, దానిని తిరిగి కనుగొనుట మరియొక ఎత్తు. దాని ప్రక్కన వల వేసినవానికి ఫలము దక్కును. సరిగా దానిమీదనే వేసినవానికి వల చినుగును. తెగి అడుగున చిక్కుకొన్న నైలాను వల కుళ్లిపోదు. మనిషి లేకయే అది చాలకాలము చేపలను చంపుచుండును. కావున ఈ చోటును ఖచ్చితముగా తెలిసికొనుట బెస్తవాని రాబడికే గాక నీటి సంపదకును సంబంధించిన విషయము.

పూర్వపు పద్ధతి

తీరముననున్న ఒక గోపురమును దాని వెనుకనున్న కొండతో ఒకే వరుసకు వచ్చునట్లు చూచినచో నావ ఒక సరళరేఖపై నున్నట్లు తేలును. మరియొక దిక్కున ఇట్టి జంటనే వరుసకు తెచ్చినచో రెండవ రేఖ దొరకును. రెండు రేఖలు కలిసిన బిందువే కోరిన చోటు. విశాఖపట్టణమువంటి కొండలున్న తీరమున, డాల్ఫిన్ నోస్ వంటి గుర్తు లున్నచోట, ఈ పద్ధతి చక్కగా సాగును. అటుపిమ్మట సీసపు గుండు కట్టిన తాడును విడిచి లోతు ఎన్ని బారలో కొలిచెదరు. గుండు అడుగున మైనము పూసినచో ఇసుకయో బురదయో దానికంటి వచ్చును. రాయి యైనచో ఏమియు అంటదు. చోటును ఒక సాధనముచేతను, లోతును వేరొక సాధనముచేతను తెలిసికొని రెంటిని సరిపోల్చుటయే ఇందలి సారము. మంచు కమ్మినను, నేల కనుమరుగైనను ఈ విద్య పనికిరాదు.

చోటును తెలుపు జీ.పీ.ఎస్.

ఈ వ్యవస్థకు చెందిన ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, తాము సంకేతమును పంపిన కాలమును ప్రకటించుచుండును. ఆ సంకేతము చేరుటకు పట్టిన కాలమునుబట్టి నావలోని యంత్రము దూరమును లెక్కించును. సెకనులో పదిలక్షవ వంతు పొరపాటు జరిగినను దూరములో 300 మీటర్ల తేడా వచ్చును. చేతి యంత్రములోని గడియారము అంత ఖచ్చితమైనది కాదు. అందుచే స్థానమునకు మూడు ఉపగ్రహములు, గడియారపు తప్పును సవరించుటకు నాలుగవది, మొత్తము నాలుగైనను కావలెను. 2000 మే నెల వరకు అమెరికా ప్రభుత్వము సామాన్యులకు అందు సంకేతమును బుద్ధిపూర్వకముగా మందగింపజేసియుండుటచే తప్పు 100 మీటర్ల వరకు ఉండెడిది. ఆ నిర్బంధము తొలగిన పిమ్మట, ఆకాశము తెరపిగా నున్నచోట తప్పు కొలది మీటర్లకు దిగినది. మన దేశపు నావిక్ వ్యవస్థలోని మొదటి ఉపగ్రహము 2013 జూలై 1న తెలుగునేలపైని శ్రీహరికోటనుండియే ఎగిసినది.

హైదరాబాదులో 1999లో నెలకొన్న ఇన్‌కాయిస్ అను సముద్ర సమాచార కేంద్రము చేపలు గుమిగూడగల ప్రాంతములను అక్షాంశ రేఖాంశములతో బెస్తవారికి తెలుపుచున్నది. ఆ సూచనలు నీటి వేడిమి, సూక్ష్మమైన నాచు మున్నగువానిని ఉపగ్రహములద్వారా గమనించి చేసినవి. అవి దినదినము మారును. అడుగున కదలక యున్న రాతిని వెదకు పని మాత్రము నావలోనివానిదే.

అడుగును చూపు సోనారు

ఉపగ్రహ సంకేతము నీటిలోనికి చొరదు; ధ్వని చొచ్చును. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ లాంజెవిన్ జలాంతర్గాములను పసిగట్టుటకు చెవికి వినబడని ధ్వనిని ప్రయోగించెను. నేటి సోనారునకు అదియే మూలము. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. ప్రతిధ్వని సెకనులో నూటికి నాలుగవ వంతు కాలమున తిరిగివచ్చినచో, పోక రాకలు కలిసి 60 మీటర్లు. లోతు 30 మీటర్లు. గట్టి రాయి బలమైన ప్రతిధ్వని నిచ్చును. మెత్తని బురద దానిని మ్రింగును.

ఇచట ఒక విశేషము గమనింపదగినది. ధ్వని క్రిందికి పోవుకొలది శంకువువలె విచ్చుకొనును. ఆ శంకువు కోణము 20 డిగ్రీలైనచో, 30 మీటర్ల లోతున అడుగుమీద సుమారు పదిన్నర మీటర్ల వెడల్పు కనబడును. 8 మీటర్ల లోతున మూడు మీటర్లయినను కనబడదు. లోతు తక్కువయైన కొలది వెదకుట సులువని తలచుట పొరపాటు. లోతు తక్కువచోటనే సోనారు చూపు ఇరుకు.

రెంటిని కలుపు తీరు

మొదటి దినమున 5 మీటర్లు, తిరిగివచ్చిన దినమున 5 మీటర్లు తప్పు వచ్చినచో, అంకె ఒక్కటే యైనను రెండు చోట్ల నడుమ 10 మీటర్ల ఎడము ఉండవచ్చును. కావున అంకె చేరగానే వల విడువరాదు. అచ్చట తేలెడి గుర్తు నొకదానిని లంగరుతో దింపి, నావ వేగము తగ్గించి, పేకదారము ఇటునుండి అటు, అటునుండి ఇటు సాగినట్లు దగ్గర దగ్గరగా సమాంతర రేఖలలో నడుపవలెను. వెనుకటి లోతును, వెనుకటి అడుగు స్వభావమును సోనారు మరల చూపినప్పుడే చోటు దొరికినట్లు. పడుగు ఒక్కటియే బట్ట కానట్లు, అంకె ఒక్కటియే చోటు కాదు.

జలాశయమున ఇంకొక జాగ్రత్త కావలెను. ఉజని పూర్తి నీటిమట్టము 496.83 మీటర్లు. మునిగిన గోడ తల 488 మీటర్ల మట్టమున నున్నదనుకొన్నచో, జలాశయము నిండినప్పుడు అది 8.83 మీటర్ల లోతున నుండును. నీటిమట్టము 491 మీటర్లకు దిగినప్పుడు 3 మీటర్ల లోతుననే యుండును. చోటు మారలేదు, లోతు మారినది. కనుక లోతుతోపాటు ఆనాటి నీటిమట్టమును గూడ వ్రాసికొననిదే ఆ లెక్క నిరర్థకము.

అంకెలు వ్రాయుటలోను ప్రమాదము కలదు. 17 డిగ్రీల 41.50 నిమిషములను 17 డిగ్రీల 41 నిమిషముల 50 సెకనులని చదివినచో నావ 600 మీటర్లకు పైగా తప్పిపోవును. దానినే 17.4150 డిగ్రీలని చదివినచో తేడా 30 కిలోమీటర్లు మించును. పాత పటములు భూమి ఆకారమును వేరు లెక్కతో గ్రహించినవగుటచే, వానినుండి ఎత్తి వ్రాసిన అంకెలు జీ.పీ.ఎస్. అంకెలకు కొన్ని వందల అడుగులు ఎడముగా నుండవచ్చును.

కర్తవ్యము

యంత్రము నీట పడినచో అందులోని చోట్లన్నియు దానితోనే పోవును. కావున చోటు, లోతు, అడుగు స్వభావము, తేదీ, నీటిమట్టము, కనబడినచో తీరపు గుర్తులు, ఈ ఆరింటిని కాగితముపై వ్రాసి సహకార సంఘములో భద్రపరచుట మేలు. పెద్దలు కన్నులతో నేర్చిన గుర్తులు వారితోనే అంతరింపక పూర్వమే వాని ప్రక్కన నేటి అంకెలను చేర్చవలెను. అప్పుడు ఒకటి తప్పినను మరియొకటి నిలుచును. మరియు సులువుగా దొరకిన నెలవు సులువుగనే ఖాళీ యగును. పూర్వము దానిని కనుగొనుటలోని కష్టమే చేపకు కొంత కాపుదల. ఆ కష్టము తీరిన నేడు, గ్రుడ్లు పెట్టు కాలమున అచ్చట వల వేయకుండుట, చిక్కిన పాత వలలను తీసివేయుట మొదలగు కట్టుబాట్లను సంఘములే ఏర్పరచుకొనవలెను. చోటును చూపుట యంత్రము వంతు. దానిని నిలుపుకొనుట మనుష్యుల వంతు.