సర్వే లెక్కలతో పద సమస్యల సాధన

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
• సర్వేలో వచ్చిన అంకెలతో పద సమస్యలను సాధించగలుగుతారు;
• ఒకే ఇంటిని రెండుసార్లు లెక్కించే పొరపాటును గుర్తించగలుగుతారు.

1. కూడిక, తీసివేత, భాగహారం

ఎవరు ఎందరున్నారో అడిగి తెలుసుకొని రాసుకోవడమే సర్వే. మన దేశంలో అన్నిటికంటే పెద్ద సర్వే జనాభా లెక్కలు. 2011 లెక్కల ప్రకారం సూరత్ జిల్లాలో పురుషులు 34,02,224 మంది, స్త్రీలు 26,79,098 మంది.

(అ) మొత్తం జనాభా ఎంత? "మొత్తం" అన్నారు కాబట్టి కూడాలి.
34,02,224 + 26,79,098 = 60,81,322

(ఆ) పురుషులు ఎంతమంది ఎక్కువ? "ఎంత ఎక్కువ" అంటే తేడా. తీసివేయాలి.
34,02,224 – 26,79,098 = 7,23,126

(ఇ) ప్రతి 1000 మంది పురుషులకు స్త్రీలు ఎందరు?
26,79,098 ÷ 34,02,224 × 1000 = సుమారు 787

అదే ఏడు దేశం మొత్తం మీద ఈ సంఖ్య 943. సూరత్‌లో ఇంత తక్కువ ఉండడానికి ముఖ్య కారణం వలస. బట్టల మిల్లుల్లో, వజ్రాల పనిలో చేరడానికి వచ్చే మగవారిలో చాలామంది కుటుంబాన్ని ఊళ్లోనే వదిలి వస్తారు.

2. కూడే ముందు ఒక ప్రశ్న

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి వచ్చిన నేతపనివారి కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక వీధిలో మీరే సర్వే చేశారనుకోండి.

మొత్తం ఇళ్లు 60. సాంచాల మీద పనిచేసేవారున్న ఇళ్లు 31. చీరలకు లేసు కుట్టే పని ఉన్న ఇళ్లు 24. ఈ రెండు పనులూ ఉన్న ఇళ్లు 12. ఏ పనీ లేని ఇళ్లెన్ని?

తొందరపడితే 31 + 24 = 55, 60 – 55 = 5 అని రాసేస్తాం. జవాబు సరైనదిగానే కనిపిస్తుంది. కాని రెండు పనులూ ఉన్న 12 ఇళ్లు 31లోనూ ఉన్నాయి, 24లోనూ ఉన్నాయి. అంటే వాటిని రెండుసార్లు లెక్కపెట్టాం. ఒకసారి తీసివేయాలి.

పని ఉన్న ఇళ్లు: 31 + 24 – 12 = 43
ఏ పనీ లేని ఇళ్లు: 60 – 43 = 17

పని లేని ఇళ్లకు సాయం కోరుతూ అర్జీ పెడుతున్నామనుకోండి. 5 అని రాస్తే 12 ఇళ్లకు సాయం అందకుండా పోతుంది. అందుకే కూడే ముందు "ఎవరినైనా రెండుసార్లు లెక్కపెట్టామా?" అని అడగండి.

మీ ప్రగతిని తెలుసుకోండి

ఒక వీధిలో 50 ఇళ్లు. తెలుగు చదవగలవారున్న ఇళ్లు 28, గుజరాతీ చదవగలవారున్న ఇళ్లు 21. ఈ రెండు లెక్కల్లోనూ ఉన్న ఇళ్లు 9.
1. పోలియో చుక్కల నోటీసు గుజరాతీలోనే అంటిస్తే ఎన్ని ఇళ్లవారు చదవలేరు?
2. రెండు భాషల్లోనూ అంటిస్తే?

జవాబులు: 1) 50 – 21 = 29. 2) 28 + 21 – 9 = 40; 50 – 40 = 10.