నిప్పు ముట్టని కోత

భిలాయి ప్లేట్ మిల్లులో కొలిమి నుంచి ఎర్రగా కాలి వచ్చిన స్లాబును రోలర్ల కిందికి పంపే ముందు దాని మీద నీళ్లు కొడతారు, చెవులు హోరెత్తేలా. కొలిమిలో ఉన్నంతసేపూ ఇనుము ఆక్సిజన్‌తో కలిసి పైన కట్టుకున్న పొర, మిల్లు భాషలో స్కేలు, ఆ దెబ్బకు పగిలి రాలిపోతుంది. రాలకపోతే రోలర్లు దాన్ని ప్లేటులోకి నొక్కేసి మచ్చలు మిగులుస్తాయి. ఇలాంటి మిల్లుల్లో ఆ నీటి ఒత్తిడి సాధారణంగా 150 నుంచి 250 బార్ల దాకా ఉంటుంది. అంత ఒత్తిడితో కొట్టినా, కాలి మెత్తబడిన ఉక్కు మీద కూడా నీరు గీత పెట్టలేదు. స్కేలును ఊడ్చుకుని పోతుంది, అంతే.

ఉమ్మడి వర్క్‌షాపుల్లో బల్ల మీద పెట్టుకునేలా తయారైన చిన్న వాటర్‌జెట్ కట్టర్లలో కొన్నిటి నీటి ఒత్తిడి సుమారు 4,000 పీఎస్ఐ, అంటే 275 బార్లు. మిల్లులో స్కేలు ఊడగొట్టే నీటికీ దీనికీ పెద్ద తేడా లేదు. అయినా ఈ యంత్రం చల్లటి ఉక్కు పలకను, గాజును, గ్రానైటు టైలును, కార్బన్ ఫైబర్‌ను గీసిన గీత మీదే కోసేస్తుంది. ఆ పని చేయించేది నీటిలో కలిసే ఎర్రటి ఇసుక, గార్నెట్. భిలాయిలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో చాలామంది సొంత ఊళ్ల పక్క సముద్రతీరంలో పరుచుకుని ఉన్నది ఆ ఇసుకే. అందుకే ఈ యంత్రం కథ చెప్పడానికి భిలాయి కంటే మంచి చోటు నాకు తోచలేదు.

భిలాయి నిప్పుతో పుట్టిన ఊరు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దల్లీ రాజహరా ఖనిజం, నందిని సున్నపురాయి, తాండులా జలాశయం నీళ్లు ఇక్కడ కలిసి రైలు పట్టాలయ్యాయి. విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ వచ్చే రైలు దారిలో ఉత్తరాంధ్ర మనుషులు ఈ కొలిముల దగ్గరికి చేరారు. సెక్టర్ 5 బాలాజీ గుడి దగ్గరా ఖుర్సీపార్ వీధుల్లోనూ ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుందంటే ఆ రాకల వల్లే.

ఇలాంటి ఊళ్లో ఉక్కును కోయడమంటే గ్యాస్ కటింగే గుర్తొస్తుంది. చూసేవాళ్లకు మంట లోహాన్ని కరిగిస్తున్నట్టు ఉంటుంది గానీ జరిగేది వేరు. మంట ఉక్కును ఎర్రబడేదాకా వేడి చేస్తుంది, ఆపైన వదిలిన స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో ఇనుమే మండుతుంది, మండి ఏర్పడిన ఆక్సైడు కరిగి కిందికి జారిపోతుంది. కాబట్టి మండని లోహం ముందు ఈ పద్ధతి పనికిరాదు. స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం, కరగడానికి మొరాయించే ఆక్సైడు పొరను కట్టేస్తుంది. అల్యూమినియందీ అదే కథ. మైల్డ్ స్టీలులోనైనా కోత అంచు వెంట వేడి తగిలిన మేర లోహం గుణం మారిపోతుంది; పలుచని ప్లేటైతే వంకర తిరుగుతుంది. ఆ అంచును మళ్లీ గ్రైండింగ్ చేసే శ్రమ ఎంతటిదో షెడ్లలో పనిచేసిన వాళ్లందరికీ తెలుసు.

వేడి లేకుండా నీటితో కోయాలన్న ఆలోచనను పట్టుదలగా వెంటాడినవాడు కలప మనిషి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో అటవీశాస్త్రం చెప్పిన నార్మన్ ఫ్రాంజ్‌కు దుంగలను పలకలుగా కోసే కొత్త దారి కావాలి. బరువులను నీటి స్తంభం మీద పడేసి, ఆ నీటిని సన్నటి రంధ్రం గుండా బయటికి తన్నించాడు. ఒత్తిడి బ్రహ్మాండంగా వచ్చింది, కానీ రెప్పపాటు. ఆ ధారను ఆగకుండా నిలబెట్టడానికి ఇంటెన్సిఫైయర్ పంపులు కావలసి వచ్చాయి. ఇందులో సూత్రం పాస్కల్‌దే: నూనె ఒత్తిడితో పెద్ద పిస్టన్ కదులుతుంది, దానికి బిగించిన చిన్న పిస్టన్ నీటిని నొక్కుతుంది, వైశాల్యాల తేడా ఇరవై రెట్లుంటే ఒత్తిడీ ఇరవై రెట్లు పెరుగుతుంది. మెకార్ట్‌నీ అనే కంపెనీ తయారు చేసిన తొలి పారిశ్రామిక యంత్రం 1970ల మొదట్లో ఆల్టన్ బాక్స్‌బోర్డ్ కర్మాగారంలో అట్ట గొట్టాలు కోయడానికి కుదురుకుంది. దుంగల కోసం పుట్టిన ఆలోచన అట్టల దగ్గర జీవనోపాధి సంపాదించుకుంది. తర్వాత డైపర్లూ నురగ దిండ్లూ కోసింది. మెత్తటివన్నీ కోయగలిగింది గానీ లోహం ముందు ఆగిపోయింది.

ఆ గోడను దాటించినవాడు మొహమ్మద్ హషీష్. ఈజిప్టులో పుట్టి మాంట్రియల్‌లోని కాంకోర్డియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసిన ఇంజినీరు. 1979లో అమెరికాలోని ఫ్లో సంస్థలో చేరాడు. ఒత్తిడి ఇంకా ఇంకా పెంచుకుంటూ పోవడం కంటే నీటిని మోసేదిగా, రాపిడి రేణువును కోసేదిగా వాడితే ఏమవుతుందని అతను ఆలోచించాడు. నా దృష్టిలో ఈ యంత్రం చరిత్రలో అసలైన క్షణం ఇదే. రేణువులు పంపులోంచి వెళ్తే పంపు అరిగిపోతుంది. అందుకని నీరు కెంపు లేదా నీలం రాయిలో చేసిన సన్నటి రంధ్రం గుండా మొదట ధారగా దూకుతుంది. ఆ వేగానికి పక్కన ఖాళీ ఏర్పడి, అందులోకి పొడి రేణువులు గాలితో పాటు వాటంతటవే పీల్చుకుపోతాయి. తర్వాత గట్టి కార్బైడు గొట్టంలో నీరు తన వేగాన్ని రేణువులకు అప్పగిస్తుంది. గొట్టం చివర బయటికొచ్చేసరికి ప్రతి రేణువూ ఒక ఉలి. 1983లో తొలి వాణిజ్య యంత్రం కార్ల అద్దాలు కోసే పనికి అమ్ముడైంది. 1987లో హషీష్‌కు పేటెంటు వచ్చింది.

రేణువుగా గార్నెట్ ఎందుకు స్థిరపడిందో చూస్తే ఎన్నో గుణాలు ఒక్కచోట కనిపిస్తాయి. కాఠిన్యం మోహ్స్ కొలతలో 7 నుంచి 7.5. సాంద్రత నీటికి దాదాపు నాలుగు రెట్లు కాబట్టి అదే పరిమాణంలో ఉన్న క్వార్ట్జు ఇసుక రేణువు కంటే గట్టి దెబ్బ కొడుతుంది. పగిలితే గుండ్రబడదు, కొత్త పదునైన అంచులు వస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, కార్మికుడి ఊపిరి. మామూలు ఇసుకలోని స్వేచ్ఛా సిలికా ధూళి ఊపిరితిత్తులను పాడు చేసి సిలికోసిస్ తెస్తుంది. గార్నెట్‌లో ఆ సిలికా అత్యల్పం. కొరండం ఇంకా గట్టిదే, కానీ ధర ఎక్కువ, పైగా కోసే గొట్టాన్నే తినేస్తుంది. ఉంగరంలో పెట్టుకునే గోమేధికం కూడా ఈ గార్నెట్ కుటుంబంలోదే.

ఈ ఖనిజం పుట్టిల్లు తూర్పు కనుమలు. అక్కడి కొండల్లో ఎక్కువగా కనిపించే రాయికి టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో కోండు తెగ పేరు మీద ఖోండలైట్ అని పేరు పెట్టాడు. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ బంకమట్టి రాళ్లు మళ్లీ ఉడికినప్పుడు వాటిలో గార్నెట్ స్ఫటికాలు పుట్టాయి. తర్వాత కొండలు శిథిలమయ్యాయి. వంశధార, నాగావళి ఆ మట్టినీ రేణువులనూ మోసుకొచ్చి శ్రీకాకుళం తీరాన సముద్రానికి అప్పగించాయి. అలలు తేలిక ఇసుకను లాక్కుపోయి బరువైనవాటిని ఒడ్డున వదిలేస్తాయి: నల్లటి ఇల్మెనైటు, పక్కనే ఎర్రటి గార్నెట్. కళింగపట్నం వైపు ఒడ్డున నడిస్తే తడి ఇసుకలో కనిపించే ఎర్రని చారలు అవే. పరిశ్రమలు వీటిని జల్లించి, అయస్కాంతాలతో వేరు చేసి, జల్లెడ కన్నుల లెక్కన, అంటే మెష్ ప్రకారం, సైజులు కడతాయి. చిన్న యంత్రాల్లో సాధారణంగా వాడేది 80 మెష్. విజయనగరం–రాయపూర్ రైలు దాటివచ్చేది కూడా ఈ తూర్పు కనుమలనే.

బల్ల మీదికి రావడం మాత్రం ఈ కథలో చాలా కొత్త మజిలీ. కర్మాగారాల్లోని వాటర్‌జెట్‌లో ఒత్తిడి 60,000 పీఎస్ఐ, అంటే సుమారు 4,100 బార్లు. మరియానా అగాధం అడుగున ఉండే ఒత్తిడికి దాదాపు నాలుగు రెట్లు. ఆ ఒత్తిడిని తట్టుకునే పైపులు, సీళ్లు, పంపు కలిస్తే ఒక గది నిండిపోతుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదివిన నిసాన్ లెరియా, మాథ్యూ నొవిక్కి ఒత్తిడిని తగ్గించేసి చూశారు. వాళ్ల వేజర్ యంత్రం 2016 సెప్టెంబరులో కిక్‌స్టార్టర్‌లో జనం ముందుకొచ్చి 13 లక్షల డాలర్లకు పైగా రాబట్టింది. పెద్ద యంత్రాలు చేసే ఒమాక్స్ కూడా 30,000 పీఎస్ఐతో ప్రోటోమాక్స్ అనే చిన్నదాన్ని తెచ్చింది.

ఒత్తిడి తగ్గిస్తే పోయేదేమిటో లెక్క వేసుకోవచ్చు. నష్టాలు పక్కన పెడితే 4,100 బార్ల దగ్గర ధార వేగం సెకనుకు దాదాపు 900 మీటర్లు, గాలిలో ధ్వని వేగానికి రెండున్నర రెట్లకు పైమాట. 275 బార్ల దగ్గర సుమారు 235 మీటర్లు, అంటే గంటకు 845 కిలోమీటర్లు. ప్రయాణికుల విమానం వేగం. ఒత్తిడి పదిహేనో వంతుకు తగ్గినా వేగం నాలుగో వంతు దగ్గర ఆగింది. కానీ అదే రంధ్రం గుండా వచ్చే ధార మోసే శక్తి యాభై రెట్లకు పైగా పడిపోతుంది. ఆ తగ్గిన శక్తిని సమయంతో పూడ్చుకోవాలి. పెద్ద యంత్రం చిటికెలో ముగించే ముక్క దగ్గర చిన్నది గంటలు కూర్చుంటుంది. ఈ బేరం ఉమ్మడి వర్క్‌షాపుకు లాభమే అంటాను. ఇంట్లో వాడే విద్యుత్తు, మామూలు నీటి కొళాయి చాలు. మూత తెరిస్తే ఆగిపోయే పెట్టెలో కోత జరుగుతుంది. అయినా ఒక్క మాట గట్టిగా చెప్పాలి: 275 బార్ల నీరు చర్మాన్ని చీల్చుకుని కండరంలోకి దూరగలదు. పైకి చిన్న గాటులా కనిపించినా అది ఆపరేషన్ థియేటరు దాకా వెళ్లాల్సిన గాయం. మూత లాక్‌ను ఎవరూ, ఎప్పుడూ తప్పించకూడదు.

మనదేశంలో ఉమ్మడి వర్క్‌షాపు ఆలోచనకు వయసు తక్కువేమీ కాదు. 2002లో పుణె దగ్గర పాబల్‌లోని విజ్ఞాన్ ఆశ్రమంలో ఫ్యాబ్ ల్యాబ్ మొదలైంది. హైదరాబాద్‌లో 78,000 చదరపు అడుగుల టి-వర్క్స్ 2023 మార్చిలో ప్రారంభమైంది. భిలాయికి 2016లో ఐఐటీ వచ్చింది. ఇప్పుడు దాని శాశ్వత ప్రాంగణం కుటేలాభాటాలో ఉంది. ఇలాంటి చోట్ల ఎక్కువగా కనిపించే చిన్న లేజర్ చెక్కనూ అక్రిలిక్‌నూ ఇష్టంగా కోస్తుంది. లోహం దగ్గర దానికి బలం చాలదు, పీవీసీ పెడితే విషవాయువు వదులుతుంది. చిన్న వాటర్‌జెట్ పూరించేది సరిగ్గా ఆ ఖాళీనే.

వాడుకలో దీని పద్ధతులు వేరు. పలకను కిందనున్న తునక పలకకు మరలతో గట్టిగా బిగించాలి. కదిలితే ముక్క పోయినట్టే. ధార వెడల్పు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, కాబట్టి గీతకు బయట సగం వదిలి గీయాలి. చిన్న ముక్కలు తెగి టబ్బులో పడిపోకుండా సన్నటి వంతెనలు వదలాలి. తొందరపెడితే కోత అడుగున వెనక్కి వంగిన చారలు పడతాయి, అంచు వాలుగా వస్తుంది. టెంపర్డ్ గాజు పెట్టకూడదు. మొదటి రంధ్రానికే ముక్కముక్కలైపోతుంది.

గార్నెట్ పొడిగా ఉండాలి. జూలైలో భిలాయిలో మూత తీసి ఉంచిన సంచి రెండు రోజుల్లో గడ్డకడితే గొట్టంలో దారి మూసుకుపోయి, నీరు కోయకుండా ఉత్తినే పారుతూ ఉంటుంది. బోరు నీటిలో లవణాలు ఎక్కువుంటే కెంపు రంధ్రం చుట్టూ పేరుకుంటాయి, ఫిల్టరు తప్పదు. ఖర్చూ చిన్నది కాదు: నిమిషానికి 150 గ్రాముల లెక్కన గంటకు 9 కిలోలు, 25 కిలోల సంచి మూడు గంటలు కూడా రాదు. టబ్బు అడుగున చేరిన బురదను బకెట్లతో తోడి ఎండబెట్టాలి. డ్రైనేజీలో పోస్తే సిమెంటులా పూడుకుపోతుంది. ఎవరి కోత బురదను వాళ్లే తోడాలన్న నియమాన్ని ఉమ్మడి వర్క్‌షాపు మొదటి రోజే గోడ మీద రాసుకోవాలి, గంటల లెక్కతో పాటు గార్నెట్ కిలోల లెక్కా రాయాలి. లేకపోతే రెండు నెలల్లో యంత్రం మూలకు చేరుతుంది.

మైల్డ్ స్టీలు తడిగా వదిలేస్తే గంటల్లో తుప్పు పడుతుంది. బయటికి తీయగానే తుడిచి నూనె రాయాలి. నిజానికి 10 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు ఫ్లాంజి కావాలంటే హథ్‌ఖోజ్‌లోని గ్యాస్ కటింగ్ షెడ్డుకు పోవడమే మేలు, ఒక టీ తాగేలోపు చేతికొస్తుంది. కాలేజీ రేసు బండికి అల్యూమినియం బ్రాకెట్టో, పంపుకు రబ్బరు గ్యాస్కెట్టో, వాకిట్లో పరచడానికి రెండు రంగుల టైళ్లలో పొదిగిన ముగ్గో, స్టెయిన్‌లెస్ పలక మీద ఇంటిపేరో కావలసినవాళ్లు ఆన్‌లైన్ స్లాటు తీసుకుని, గార్నెట్ సంచి వెంట తెచ్చుకుని, పూటంతా దాని పక్కన ఉండటానికి సిద్ధపడి రావాలి.