మీకు తెలుసా? జీపు ఇంజన్‌కు అసలు శత్రువు దుమ్ము

మట్టిదారుల్లో తిరిగే జీపు ఇంజన్‌ను తొందరగా అరగదీసేది దుమ్మే. అందుకే పాత విల్లీస్ జీపులకు ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉండేది. లోపలికొచ్చిన గాలి గిన్నెలోని ఆయిల్ మీద చటుక్కున మలుపు తిరుగుతుంది. బరువైన దుమ్ము ఆ మలుపు అందుకోలేక ఆయిల్‌లో పడి, అడుగున నల్లటి మడ్డిగా పేరుకుంటుంది. గిన్నె విప్పి, మడ్డి గీకేసి, కడిగి ఆరబెట్టి, లోపలి గీత వరకే కొత్త ఆయిల్ పోయాలి. గీత దాటితే ఇంజన్ ఆ ఆయిల్‌నే పీల్చేస్తుంది. ఇప్పటి బండ్లలోని కాగితం ఫిల్టర్‌ను మాత్రం కడగకూడదు.

ఇంజన్ ఆయిల్ మార్చడానికి కిలోమీటర్ల లెక్క, నెలల లెక్క రెండూ ఉంటాయి. ఏది ముందొస్తే అదే. కదలని బండిలోనూ ఆయిల్ పాడవుతుంది. ఉదాహరణకు, హైదరాబాద్‌ పాతబస్తీలోని శాలిబండకు దగ్గర్లోని చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. 1912 నాటి ఆ సిల్వర్ ఘోస్ట్ ఊరేగింపులకే తప్ప పెద్దగా తిరగలేదు. అలాంటి బండికి మీటరు చూసి సర్వీసు చేయిద్దామంటే కుదరదు మరి!

డీజిల్ బండికి ఫ్యూయల్ ఫిల్టర్ అడుగున చేరిన నీటిని, ముఖ్యంగా వానాకాలంలో, స్క్రూ వదులు చేసి బయటకు తీసేయాలి. రేడియేటర్ రేకుల మధ్య బురద ఎండిపోతే శాలిబండ రోడ్డు రద్దీలో పాకే బండి ఇట్టే వేడెక్కుతుంది. వాగు దాటొచ్చాక డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే లోపలికి నీళ్లు చేరినట్టే. ఆయిల్ మార్చేదాకా స్టార్ట్ చేయకూడదు.