మచ్చ పోయింది, జబ్బు పోలేదు

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా వీధి చివరికి వెళ్లి, పెద్ద రోడ్డు పట్టుకుని, చైతన్యపురి, ఎల్.బి. నగర్ దాటి తూర్పుగా పోతూ వుంటే సూర్యాపేట వస్తుంది, విజయవాడ వస్తుంది, చిట్టచివరకు మచిలీపట్నం వస్తుంది. 65వ నంబరు జాతీయ రహదారి అక్కడితో సరి. ఆపైన సముద్రమే. అంటే మా యింటికీ సముద్రానికీ మధ్య 300 కిలోమీటర్ల పైమాటే. అయినా రెండేళ్లుగా మా ముందుగదిలో, పుస్తకాల బీరువా ప్రక్కన, 200 లీటర్ల సముద్రం వున్నది. నీళ్లు కుళాయివి, ఉప్పు సంచిలోది. లీటరుకు 35 గ్రాముల చొప్పున 7 కిలోల ఉప్పు కలిపితే ఆ గాజుపెట్టెలో నీరు సముద్రపు నీటితో సమానమవుతుంది. వంటింటి ఉప్పు పనికిరాదు. దానికోసం ప్రత్యేకంగా తయారుచేసిన ఉప్పు కావాలి.

ఈ ముచ్చట మా అమ్మాయిది. ఖర్చు నాది. చాకిరీ మా ఆవిడది.

మొదట పెట్టెలో రెండు చేపలుండేవి. నారింజరంగు ఒంటిమీద తెల్లని పట్టీలు. ఇంగ్లీషువారు వాటిని విదూషకులన్నారు. 2003లో సినిమా వచ్చినప్పటినుంచి ప్రపంచంలోని పిల్లలందరికీ అవి నీమోలే. మన దేశంలో కేరళలోని విళింజంలోనూ, తమిళనాడులోని మండపంలోనూ కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు ఈ జాతి చేపలచేత గుడ్లు పెట్టించి, పిల్లలను పెంచే పద్ధతి సాధించారు. తోడుగా నాలుగు నత్తలు, ఒక రొయ్య. పగడాలూ నీటిగుర్రాలూ కావాలని కూడా మా అమ్మాయి అడిగింది గాని, 2001లోనే వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద చేర్చారని చెప్పి తప్పించుకున్నాను.

కిందటి సంవత్సరం దాని పుట్టినరోజుకు నీలంరంగు చేపను ఒకదాన్ని తెచ్చాను. అదే సినిమాలోని డోరీ అన్నమాట. సంచి విప్పి, నేరుగా పెట్టెలో వదిలాం. కొత్త చేపను నెల్లాళ్లు విడిగా వుంచి చూడాలన్న మాట అప్పటికి నా చెవిని పడలేదు. పడినా వినివుండేవాడినా అంటే, చెప్పలేను.

పదోనాడు మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, డోరీ ఒంటికి ఉప్పు అంటుకుంది!"

"ఉప్పునీళ్లలో చేపకు ఉప్పు గాక బెల్లం అంటుకుంటుందా?" అన్నాను, చదువుతున్న పత్రికలోంచి తల యెత్తకుండా.

తీరా చూద్దునుగదా, నిజంగానే నీలం ఒంటిమీద యేరిపెట్టినట్లు ఉప్పుకల్లంత తెల్లని చుక్కలు. చేప రాతికి ఒళ్లు రుద్దుకుంటున్నది. వెంటనే మాకు దగ్గరలోనే వున్న చేపల దుకాణానికి వెళ్లాను. అక్కడి కుర్రవాడు నా మాట పూర్తి కానివ్వలేదు.

"గిది తెల్లమచ్చ రోగం సార్. ఈ మందు ఏయండి. రెండు దినాల్ల పోతది."

చిన్న సీసాలో నీలిరంగు ద్రవం. వేశాం. అతను చెప్పినట్లే మూడోనాటికి ఒక్క మచ్చ లేదు. మా ఆవిడ పాయసం చేసింది. నేను కాలేజీలో నలుగురికీ చెప్పుకున్నాను. మరో వారానికి ఆ మచ్చలు తిరిగివచ్చాయి. ఈసారి పదీ ఇరవై కాదు, వందలు. విదూషకులకు కూడా.

రోగి ముందు కూర్చోవడం

మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన వున్నారు. పుట్టిపెరిగింది కొల్లేటి ప్రక్కన, కైకలూరు ప్రాంతంలో. కబురు తెలిసి, ఎల్.బి. నగర్‌లో మెట్రో యెక్కి, సూక్ష్మదర్శిని గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చారు. వచ్చినాయన మందు మాట యెత్తకుండా కుర్చీ లాక్కుని పెట్టె ముందు అరగంట కూర్చున్నారు.

"ఏం చూస్తున్నారండీ?" అంది మా ఆవిడ కాఫీ తెచ్చి.

"ఊపిరి లెక్కపెడుతున్నానమ్మా. చేపలకు మొప్పలే ఊపిరితిత్తులు. ఒంటిమీద మచ్చలు మనకు కనిపిస్తాయి. మొప్పల్లో మచ్చలు కనిపించవు. చంపేవి అవే."

తరువాత ఆయన చెప్పినది మా అమ్మాయి నోటుపుస్తకంలో వ్రాసుకున్నది. ఉప్పునీటి చేపకు వచ్చే పరాన్నజీవుల జబ్బులు చూపుకు ఒకలాగే వుంటాయట గాని, మందులు వేరట. ఉప్పుకల్లులాగా, లెక్కపెట్టడానికి వీలైన చుక్కలుంటే అది తెల్లమచ్చ. లెక్కకందని సన్నని పొడి, జల్లెడ పట్టిన పసుపు చల్లినట్లుంటే అది వెల్వెట్ జబ్బు. దానికి వ్యవధి వుండదు. నాలుగైదు రోజులలోనే చేపను తీసుకుపోతుంది. చుక్కల బదులు ఒంటినుంచి తెల్లని జిగురు పొరలుగా వూడుతుంటే, ముఖ్యంగా విదూషకులకు, అది బ్రూక్లినెల్లా అనే మరో సూక్ష్మజీవి పని. కన్ను మసకబారి, చేప ఒళ్లు రుద్దుకుంటూ, మచ్చలు మాత్రం లేకపోతే చర్మానికి పట్టిన చదునుపురుగులను అనుమానించాలి. ఆమ్ల-క్షార స్థాయికీ (పి.హెచ్.) వేడికీ సరిచూసిన మంచినీటిలో చేపను అయిదు నిమిషాలుంచితే ఆ పురుగులు తెల్లబడి రాలుతాయి. ఇక రెక్కల అంచున కాలీఫ్లవరు పువ్వులాంటి బుడిపె వుంటే అది పరాన్నజీవి కానే కాదు, వైరస్. దానికి మందు పోయడం దండగ.

"ఇన్ని వుండగా, చూడకుండా సీసా వంచడం జ్వరమనగానే ఒకే మాత్ర మింగించినట్లు, మాస్టారూ," అన్నారాయన.

అప్పుడు చేపను మెత్తని వలతో పట్టి, గాజుపలకతో ఒంటిమీది జిగురు కొంచెం సుతారంగా తీసి, ఒక బొట్టు ఉప్పునీటిలో సూక్ష్మదర్శిని క్రింద పెట్టారు. నేను కన్ను ఆనించాను. బూడిదరంగు ముద్ద ఒకటి, గుండ్రంగా, తీరుబడిగా గానుగెద్దులా తిరుగుతున్నది. దాని చుట్టూ సన్నని నూగు కదులుతున్నది. ఒకే ఒక కణం. మా యింటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసింది అదీ!

పేనూ, దాచిన గింజా

ఆ ప్రాణికి క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అని పేరు. 1930లలోనే జపానులో సికామా అనే శాస్త్రజ్ఞుడు ఈ జబ్బును వర్ణించాడు. 1951లో బ్రౌన్ అనే శాస్త్రవేత్త ఈ పేరు పెట్టారు. తెలుగు పంతులును గనుక అర్థం అడగక మానలేదు. గ్రీకులో క్రిప్టో అంటే దాగినది, కారియాన్ అంటే గింజ. దాగిన గింజ, పైగా చిరాకు పెట్టేది. మంచినీటి చేపల తెల్లమచ్చకు కారణమైన ప్రాణి వేరు. దాని పేరు ఇక్తియోఫ్తిరియస్. ఆ మాటకు చేపపేను అని అర్థం. కొల్లేటి చెరువులలో బొచ్చెకూ శీలావతికీ పట్టే ఆర్గులస్ అనే మరో పురుగును కూడా మన రైతులు పేను అనే అంటారు. గ్రీకు భాష రాని మన రైతుకూ అదే మాట తట్టింది చూడండి!

దుకాణం కుర్రవాడు యిచ్చినది మంచినీటి చేపల మందు. పేరు ఒకటే, మచ్చ ఒకటే, ప్రాణులు వేరు. ఆ మందు ఇక్కడ పనిచేయదు.

మరి మచ్చలు యెలా మాయమైనాయి? అసలు కిటుకంతా అక్కడే వున్నది. ఈ జీవి చేప చర్మం పైపొరలో దూరి, తింటూ, మూడు రోజులనుంచి వారం వరకూ వుంటుంది. మనకు కనిపించే మచ్చ అదే. కడుపు నిండగానే, తరచు రాత్రివేళ, తనంతట తానే రాలిపోతుంది. మనం పాయసం వండుకునేది ఆనాడే. అది మాత్రం క్రిందకు దిగి, ఇసుకకో రాతికో అంటుకుని, చుట్టూ గట్టి గుల్ల కట్టుకుని, లోపల రెండుగా, నాలుగుగా, పదహారుగా విడిపోతుంది. ఒక్కొక్క గుల్లనుంచి రెండు వందల దాకా పిల్లలు రావచ్చు. కొన్ని గుల్లలు మూడోనాడే పగులుతాయి. కొన్ని నెలదాకా ఆగుతాయి. 72 రోజులకు పగిలినవి కూడా వున్నాయట. బయటికి వచ్చిన పిల్ల ఒకటి రెండు రోజులలో చేపను పట్టుకోవాలి, లేకపోతే చస్తుంది.

సముద్రంలో ఇది పెద్ద ఉపద్రవం కాదు. గుల్ల అడుగున వుంటుంది, చేప యే మైలు దూరమో వెళ్లిపోయి వుంటుంది. గాజుపెట్టెలో పోవడానికి చోటేదీ? రాలినది అక్కడే, పుట్టినది అక్కడే, ఆహారమూ అక్కడే. 2007లో విశాఖపట్నం తీరంలో సముద్రంలోనే వలగూడు కట్టి పండుగప్పను పెంచడం మొదలుపెట్టారు. అలాంటి గూళ్లలో పెంచే చేపలకు కూడా ఈ జీవి బెడద వున్నది. చేపను ఒకచోట కట్టివేసినప్పుడల్లా పరాన్నజీవికి పండుగే.

లెక్కే మందు

గుల్లలో వున్నదాన్ని మందు చంపలేదు. చర్మంలో దూరినదాన్నీ సులభంగా చంపలేదు. ఈదుతూ వచ్చే పిల్ల ఒక్కటే చేతికి చిక్కుతుంది. అందుచేత వైద్యమంటే మందు ఒక్కటే కాదు, రోజుల లెక్క కూడా.

వాడుకలో మూడు దారులున్నవి. మొదటిది రాగి. లీటరు నీటిలో 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల కరిగిన రాగి కనీసం మూడు వారాలుండాలి. తగ్గితే పురుగు చావదు, మించితే చేప చస్తుంది. రోజూ పరీక్షపెట్టెతో కొలవాలి గాని చెంచా లెక్క పనికిరాదు. రాళ్లూ ఇసుకా రాగిని పీల్చుకుంటాయి. నత్తలూ రొయ్యలూ రాగికి బ్రతకవు. కనుక అది వేరే పెట్టెలోనే జరగాలి. రెండవది ఉప్పు తగ్గించడం. సముద్రపు నీటి సాంద్రత 1.025 వుంటుంది. దాన్ని రెండు రోజులలో మెల్లగా 1.009కి దించి, నాలుగు వారాలుంచి, మళ్లీ వారం పట్టేలా పెంచాలి. చేపలు ఓర్చుకుంటాయి, గుల్లలు పగిలిపోతాయి. దీనికి లొంగని రకాలు కూడా లేకపోలేదు.

మేము మూడవది పట్టుకున్నాం. రెండు ప్లాస్టిక్ తొట్లు. ఒకదానిలో చేపలు. మూడు రోజులు కాకుండానే కొత్త ఉప్పునీరు కలిపిన రెండవ తొట్టిలోకి మార్చడం. మొదటిదాన్ని కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టడం. రాలిన జీవి గుల్ల పగిలేలోగా చేప అక్కడ వుండదు. ఇలా నాలుగుసార్లు, మొత్తం పన్నెండు రోజులు. మందు చుక్క అక్కరలేదు. కొత్త నీటికి పాత నీటి వేడీ, అదే ఉప్పూ వుండాలి. లేకపోతే మార్పే చేపను కుంగదీస్తుంది.

మొదటి మార్పుకు ముందే, రెండవనాటి తెల్లవారుజామున, నీలం చేప ప్రక్కకు ఒరిగివుంది. మొప్పలు అప్పటికే పాడైపోయినవన్నారు మిత్రుడు. మా అమ్మాయి యేడవలేదు. "మొదటి మచ్చ చూసినప్పుడే ఆయన్ను పిలిచివుంటే బ్రతికేదా నాన్నా?" అని మాత్రం అడిగింది. బహుశా బ్రతికేదన్నాను. ముప్ఫై మంది విద్యార్థుల ముందు తప్పు వొప్పుకోవడం తేలిక; యింట్లో ఒక్కరి ముందు కష్టం.

విదూషకులిద్దరూ నిలబడ్డారు. నాలుగవ మార్పునాటికి ఒంటిమీద మచ్చ లేదు. పెద్ద పెట్టెలోకి వదిలేద్దామని నాకు మళ్లీ తొందర. మా అమ్మాయి నోటుపుస్తకం అడ్డం పెట్టింది. పెట్టెలో గుల్లలున్నాయి గదా? 72 రోజుల గుల్ల కూడా వుండవచ్చు గదా? సరే, చేపలు తొట్టిలో, నత్తలూ రొయ్యా పెట్టెలో. 76 రోజులు అలాగే వుంచాం. నత్తలకూ రొయ్యకూ ఈ జబ్బు అంటదు. చేప దొరకని పిల్లలు పుట్టినవి పుట్టినట్లు చచ్చివుంటాయి. వచ్చిన చుట్టాలందరూ, "పాపం, చేపలన్నీ పోయాయా?" అని పరామర్శించారు. ఖాళీపెట్టెకు కరెంటు యెందుకు దండగ అని మా అత్తగారు రోజూ అడిగారు. తొట్టి నీళ్లు మార్చీ మార్చీ మా ఆవిడ నడుము పట్టేసింది.

77వ నాడు చేపలను పెట్టెలో వదిలాం. ఆరు నెలలయింది. మచ్చ రాలేదు. ఈసారి పాయసం చేయమని నేను అడగలేదు. మా ఆవిడే చేసింది.

మొన్న ఆదివారం దుకాణానికి వెళ్లాం. కుర్రవాడు నీలం చేపను చూపించి, సంచి తీశాడు. మా అమ్మాయి అరగంట ఆ చేప ముందు నుంచుని ఊపిరి లెక్కపెట్టింది.

"దీన్ని ముందు నెల రోజులు తొట్టిలో వుంచుతాం," అంది.

"గంత ఓపిక యెవరికుంటది పాపా?" అన్నాడతను నవ్వుతూ.

"మాకుంది," అంది. డబ్బులిచ్చి, తొట్టి కడగడానికి నేను ముందుగా యింటికి బయలుదేరాను.