కూసుంటే పైసలొచ్చేది ఎవరికి?

నాట్లు మొదలైతే చాలు, బోధన్, ఎడపల్లి, రెంజల్ ఊళ్లలో ఒక మాట వినబడుతుంది. "సర్కారు పైసలు పంచి కూలోళ్లను చెడగొట్టింది. ఇంట్ల కూసుంటే పైసలొస్తుంటె పొలానికెవడొస్తడు?" ఇది కొత్త పాట కాదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడూ ఆసాములు ఇదే పాడారు. కోపం పక్కనబెట్టి లెక్క చూద్దాం.

బీడీ కార్మికురాలి పింఛను 2019లో నెలకు 2,016 రూపాయలైంది. అంటే రోజుకు 67 రూపాయలు. 2025 జనవరి 26న మొదలుపెట్టిన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా భూమిలేని కూలి కుటుంబానికి ఏడాదికి 12,000 అంది. రోజుకు 33 రూపాయలైనా పడదు. అదీ 2023-24లో ఉపాధి హామీ కింద కనీసం 20 రోజులు పనిచేసిన వారికే. పనిచేసినట్టు మస్టరు ఉంటేనే వచ్చే సాయం మనిషిని సోమరిని ఎట్లా చేస్తుంది?

అదేరోజు మొదలైన రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000. ఐదెకరాల పట్టాదారుకు 60,000 అన్నమాట. సొంతంగా దున్నుకునే చిన్నరైతుకు ఇది పెట్టుబడే, కాదనం. కానీ పొలం కౌలుకిచ్చి నిజామాబాద్ పట్నంలో ఉండే ఆసామికీ ఇది అందుతుంది. చేసేది కౌలుదారు, పైసలు పడేది పాసుబుక్కు ఉన్నాయన ఖాతాలో. 2018 నాటి రైతుబంధులోనూ ఇదే వరస. ఇంట్ల కూసుంటే పైసలొచ్చేది ఎవరికో ఇప్పుడు చెప్పండి!

మరి పని ఎటుబోయింది? నిజాంసాగర్ నీళ్లు పారాక, 1930లలో షక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది. ఆసియాలోనే పెద్దదని పేరు పడింది. చెరకు నాటుడు, కలుపు తీసుడు, కొట్టుడు, బండ్లకెత్తుడు, ఇట్లా ఏడాదిలో చాలా నెలలు పని దొరికేది. ఫ్యాక్టరీ జీతాల మీద చాయ్ హోటలు, సైకిలు షాపు, కిరాణం బతికేవి. 2002లో సర్కారు 51 శాతం వాటాను ప్రైవేటువాళ్లకు అప్పజెప్పింది. 2015 డిసెంబరులో గేటుకు తాళం పడింది.

చెరకు తగ్గినచోట వరి వచ్చింది. వరికి నాట్లున్నాయి, కోతలు మాత్రం మిషను మింగింది. పదిమంది ఆడకూలీలు దినమంతా కోసే మడిని అది కాసేపట్లో ఊడ్చేస్తుంది. బీడీ చాటకు నెల పొడుగునా ఆకు అందదు. మగవాళ్లు అప్పుచేసి దుబాయి, మస్కట్ బాట పట్టారు. ఇన్ని దార్లు మూసినవాళ్లను వదిలి, పింఛను తీసుకునే ముసలవ్వ మీద నిందలేస్తే ఏమొస్తుంది?

ఆ పింఛను పెట్టెలో దాగదు. ఉద్దెర ఖాతాకు, మందులకు, పిల్లల పుస్తకాలకు పోతుంది. బోధన్ బజారులో గిరాకీ నిలిచేది కొంత ఇట్లాగే. అయితే ఇక్కడ మన కార్యకర్తలూ ఒక సంగతి గ్రహించాలి. పింఛను ఆకలిని ఆపుతుంది, కొత్త పని పుట్టించదు. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు రూపాయి చెరకై, చక్కెరై, కూలై మళ్లీ మళ్లీ ఊళ్లో తిరిగింది.

ఆసాముల అసలు బాధ సోమరితనం కాదు, కూలిరేటు. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైన తొలి 200 జిల్లాల్లో నిజామాబాద్ ఒకటి. వేరేచోట పని ఉందన్న ధీమాతో కూలి మనిషి "గీ రేటుకు రాను" అనగలిగింది. ఆ నోరు మూయించాలని వాళ్ల తాపత్రయం. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం తీసేసి కొత్తది తెచ్చింది. 125 రోజుల పని అంటూనే నాట్లు, కోతల కాలంలో 60 రోజులదాకా పని నిలిపే వీలు పెట్టింది. ఖర్చులో 40 శాతం మన రాష్ట్రం నెత్తికెత్తింది. బేరమాడే అదనులోనే కూలీ చేతులు కట్టేస్తే లాభం ఎవరికో వేరే చెప్పాలా?

కాబట్టి పింఛనా, పనా అని మనల్ని ఎంచుకోమంటే ఒప్పుకోం. రెండూ కావాలి. కౌలుదారుకు గుర్తింపు కార్డు, సాయం అందాలి. కూలి కుటుంబానికి ఏ షరతూ లేకుండా భరోసా దక్కాలి. నాట్ల కాలంలోనూ పని అడిగే హక్కు ఉండాలి. షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ తెరిపించే దారి చూడటానికి 2024 జనవరిలో కమిటీ వేశారు. కమిటీలతో చెరకు గానుగాడదు. ఊరూరా కూలీలు, చెరకు రైతులు, బీడీ కార్మికులు ఒక్కచోట కూడి అడిగితేనే కదులుతుంది.