రోగశయ్యపై రాజ్యాధికారము

మహాభారతమున విచిత్రవీర్యుడు యక్ష్మరోగముచే సంతానహీనుడై మరణించెను. కురువంశకథ అచ్చటనే మలుపు తిరిగినది. రాజు దేహస్థితి రాజ్యమునకు సంబంధించినదే యని మనవారు ఏనాడో గుర్తించిరి. ధృతరాష్ట్రుని అంధత్వము ఎల్లరు ఎరిగినదే కావున, పెద్దలు విచారించి పాండురాజునకు పట్టము గట్టిరి. తెలిసిన లోపమునకు ఉపాయ మాలోచింపవచ్చును. మరి దాచిన రోగమునకు?

ఈ ప్రశ్నకు ఆధునిక చరిత్రలో అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ జీవితము చక్కని నిదర్శనము. మొదటి ప్రపంచ సంగ్రామము ముగిసిన పిదప ఆయన నానాజాతి సమితిని సంకల్పించి, దానిని వెర్సేల్స్ సంధిలో చేర్పించెను. ఆ సంధికి అమెరికా సెనేటులో మూడింట రెండువంతుల ఆమోదము కావలెను. అచ్చట ప్రతికూలత కన్పట్టగా, 1919 సెప్టెంబరులో ఆయన ప్రజలకే నేరుగా విన్నవింపదలచి రైలెక్కెను. ఆ ప్రయాణము దాదాపు 8,000 మైళ్లు. ఆయన దేహము అంతకుముందే చెడియుండెను. 1906లోనే ఎడమకంటి చూపు హఠాత్తుగా దెబ్బతిన్నది. సెప్టెంబరు 25న ప్యూబ్లో నగరమున ప్రసంగించిన పిమ్మట ఆయన కుప్పగూలెను. వాషింగ్టనుకు తిరిగివచ్చినంతనే, అక్టోబరు 2న, పక్షవాతము సోకి ఎడమభాగము చచ్చుపడెను.

అంతట భార్య ఎడిత్, వైద్యుడు గ్రేసన్ ఆ గది చుట్టు తెర దించిరి. నరముల అలసట యని లోకమునకు చెప్పిరి. ఉపాధ్యక్షుడు మార్షలునకు సైతము అధికారికముగా నిజము తెలుపలేదు. మంత్రివర్గమును తానై సమావేశపరచిన విదేశాంగమంత్రి లాన్సింగ్ 1920 ఫిబ్రవరిలో పదవి వదలవలసి వచ్చెను. తాను ఏ రాజకీయ నిర్ణయమును చేయలేదనియు, ఏ విషయము ముఖ్యమో, దానిని భర్తకు ఎప్పుడు చూపవలెనో మాత్రమే నిర్ణయించితిననియు ఎడిత్ తరువాత తన స్మృతులలో వ్రాసికొనెను. కాని రాజ్యభారములో అదియే సగము గదా!

సెనేటులో లాడ్జి మున్నగువారు కొన్ని షరతులతో సంధి నంగీకరింప సిద్ధపడిరి. విల్సన్ సమ్మతింపలేదు. 1919 నవంబరు 19న సంధి వీగిపోయెను. 1920 మార్చి 19న మరల ఓటింగు జరుగగా అనుకూలముగా 49, ప్రతికూలముగా 35 ఓట్లు వచ్చెను. ఏడు ఓట్లు తక్కువైనవి. అమెరికా ఆ సమితిలో ఎన్నడును చేరలేదు.

విల్సన్ మొండిపట్టు జబ్బునకు పూర్వమే యున్నది. ఆయన ఆరోగ్యవంతుడైనచో సంధి నెగ్గియుండెడిదని ఎవ్వరును ప్రమాణము చేయజాలరు. అయినను మిత్రుల హితవు చెవిసోకు దారి మాత్రము ఆ గది తలుపుతో మూతపడినది. భర్త ప్రాణము కాపాడజూచిన ఇల్లాలిని నిందింప మనసొప్పదు. ఇంటి ధర్మముగా అది దోషము కాదు. కాని ప్రజలు తమ అధికారమును విల్సనునకు ఇచ్చిరి గాని, ఆయన కుటుంబమునకు కాదు. అధ్యక్షుడు అశక్తుడైనప్పుడు దానిని ఎవరు నిర్ణయింపవలెనో నాటి రాజ్యాంగము స్పష్టముగా చెప్పలేదు. ఆ లోటు 1967లో ఇరువదియైదవ సవరణతో గాని తీరలేదు.

రోగము ఎవరికైనను రావచ్చును. అది సిగ్గుపడవలసిన విషయము కాదు. ప్రజలకు హాని చేయునది గోప్యము. చరిత్రపాఠమున నవంబరు 19 అను తేదీని నల్లబల్లపై వ్రాయు ఉపాధ్యాయులు, దాని ప్రక్కన అక్టోబరు 2ను గూడ వ్రాసిన మేలు. సంధులపై సంతకము చేయు చేతికి నాడి యొకటి కలదని విద్యార్థులు గ్రహింతురు.